ఆడని ఆటకు తీర్పు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏటా ఏప్రిల్ చివర మూడు రోజుల పాటు డ్రాఫ్ట్ జరుగుతుంది. కళాశాల జట్లలో ఆడి వచ్చిన కుర్రాళ్లను 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు, విజేతది చివరి వంతు. తమ వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు కూడా. ఐపీఎల్ వేలంలో లాగా ఇక్కడ ధర పాడేవారు ఉండరు. ఏ జట్టు తన పేరు పిలిస్తే ఆ జట్టుకే ఆడాలి, కాదనే దారి ఆటగాడికి దాదాపు లేదు. పేరు చదివిన క్షణం నుంచే ఆ జట్టు అభిమానులు కొత్తవాడిని తూచడం మొదలుపెడతారు. అసలు మ్యాచ్‌లు మొదలయ్యేది సెప్టెంబరులో. అంతవరకు నాలుగు నెలలకు పైగా సాగే ఈ తూకం మొత్తం, ఇంకా చేయని పని మీదే.

వైడ్ రిసీవర్ విషయంలో ఈ తూకం మరీ చిక్కుల్లో పడుతుంది. మైదానం అంచుల దగ్గర నిలబడి, బంతి కదలగానే ముందుగా అనుకున్న దారిలో పరుగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అందుకోవడం అతని పని. ఎంత ప్రతిభ ఉన్నా అది బయటపడటం విసిరేవాడి చేతిలో ఉంది, ఆ విసిరేవాడికి రెండు మూడు క్షణాల వ్యవధి సంపాదించి పెట్టే అయిదుగురు లైన్‌మెన్ చేతిలో ఉంది, కోచ్ గీసిన పథకంలో ఉంది. ఒంటరిగా చేయలేని పనిని బట్టి ఒక మనిషిని ఒంటరిగా కొలవాలి. ఇక్కడ తలెత్తే ప్రశ్న ఆటకే పరిమితం కాదు. ఇంకా జరగని దాని గురించి చెప్పే తీర్పు జ్ఞానమా, నమ్మకమా, ఉత్త కోరికా? తరువాత తేలిన ఫలితం వెనక్కి వచ్చి ఆ తీర్పును ఒప్పో తప్పో చేయగలదా? ఆ ఫలితం బరువు ఎవరి మీద పడాలి?

డ్రాఫ్ట్ పుట్టిన చోటే ఈ ప్రశ్న కూడా పుట్టింది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మొదటిసారి అమలైంది. మొట్టమొదటి వంతు ఈగిల్స్‌దే. వాళ్లు ఎంచుకున్నది షికాగో విశ్వవిద్యాలయ ఆటగాడు జే బర్వాంగర్‌ను. కళాశాల ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న మొదటివాడు అతనే. అతని మీద తమకున్న హక్కును ఈగిల్స్ షికాగో బేర్స్‌కు ఇచ్చేసింది. బర్వాంగర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. డ్రాఫ్ట్ చరిత్రలో మొదటి పేరే ఫలితంతో తూచడానికి వీల్లేని పేరు.

అదే ఫిలడెల్ఫియా 2020లో ఈ చర్చకు ఒక పాఠ్యపుస్తక ఉదాహరణ ఇచ్చింది. కొవిడ్ కారణంగా ఆ ఏడు డ్రాఫ్ట్ ఇళ్ల నుంచే నడిచింది. ముందటి సీజన్‌లో ఈగిల్స్ రిసీవర్లు గాయాలతో ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. వేగంగా పరుగెత్తేవాడు కావాలని అభిమానులూ కోరారు, జట్టూ అనుకుంది. 21వ వంతులో ఈగిల్స్ టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయానికి చెందిన జేలెన్ రేగర్‌ను ఎంచుకుంది. వెంటనే 22వ వంతులో మిన్నెసోటా వైకింగ్స్ లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ జెఫర్సన్‌ను తీసుకుంది. ఆ సీజన్‌లో జెఫర్సన్ 88 క్యాచ్‌లు పట్టి, వాటితో జట్టును ముందుకు నడిపిన దూరంగా 1,400 గజాలు సంపాదించాడు. రేగర్ 31 క్యాచ్‌లు, 396 గజాల దగ్గర ఆగాడు. రెండో ఏడు అతనివి 299 గజాలే. 2022లో జెఫర్సన్ 1,809 గజాలతో ఆ ఏటి మేటి అటాకింగ్ ఆటగాడి పురస్కారం గెలిచాడు. ఆ సీజన్ మొదలయ్యే ముందే ఈగిల్స్ రేగర్‌ను పంపించివేసింది. పంపింది, చిత్రంగా, వైకింగ్స్‌కే.

ఇదంతా తెలిశాక ఈగిల్స్ ఎంపిక తప్పని చెప్పడానికి ఎవరైనా చాలు. 2020 ఏప్రిల్‌లో అలా చెప్పినవారికి ఏ ఆధారం ఉంది అన్నదే ఆలోచించదగ్గ సంగతి. ఆధారాల గురించి భారతీయ తర్కశాస్త్రం అందరికన్నా ఓపికగా ఆలోచించింది. న్యాయ దర్శనం వారైన నైయాయికులు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెబుతారు: ప్రత్యక్షం, అనుమానం (కారణం చూపి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ శాస్త్రంలో మొదటి మెట్టుగా నేటికీ పాఠశాలల్లో చదువుతున్న పుస్తకం. కొత్త రిసీవర్‌ను తూచే అభిమాని తెలియకుండానే ఈ నాలుగింటినీ వాడతాడు. నాలుగూ ఎక్కడో ఒకచోట చేయి ఇస్తాయి.

ప్రత్యక్షం అంటే ఇక్కడ కళాశాల మ్యాచ్‌ల వీడియో. కానీ టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది. రిసీవర్ పనిలో ఎక్కువ భాగం బంతి తన దగ్గరకు రాకముందు, చాలాసార్లు బంతి అసలే రానప్పుడు, తెర బయట జరుగుతుంది. అభిమాని చూసేది పట్టిన క్యాచ్‌లను; డిఫెండర్‌ను తప్పించుకుని ఖాళీగా నిలబడ్డా బంతి అందని సందర్భాలు అతని కంట పడవు. శబ్దం, అంటే ఆప్తవాక్యం, ఇంకా బలహీనం. ఆప్తుడంటే విషయం తెలిసి, తెలిసినది తెలిసినట్టు చెప్పేవాడు. డ్రాఫ్ట్‌కు ముందు వారాల్లో విషయం బాగా తెలిసినవారు జట్ల స్కౌట్‌లు. మనసులో మాట దాచుకోవడమే వాళ్లకు లాభం. దాచుకోనక్కరలేని వ్యాఖ్యాతలకు తెలిసింది వాళ్లంత కాదు.

ఉపమానం సంగతి కొంచెం సరదాగా ఉంటుంది. ప్రతి కొత్త రిసీవర్‌కూ ఒక పాతవాడి పోలిక అంటగడతారు: ఇతను ఫలానావాడిలా పరుగెత్తుతాడు, ఫలానావాడిలా గాలిలోకి ఎగురుతాడు. శాస్త్రంలో చెప్పే ఉదాహరణ గవయం. ఆవులాంటి మృగం అడవిలో ఉంటుందని, దాని పేరు గవయమని వనవాసి చెబుతాడు. తరువాత దాన్ని చూసిన పట్నవాసి గుర్తుపడతాడు. ఉపమానం ఇచ్చే జ్ఞానం అంతవరకే. ఈ పేరు ఈ వస్తువుదని తెలుస్తుంది. గవయం ఎన్ని శేర్ల పాలు ఇస్తుందో ఉపమానం చెప్పదు. పోలిక చెప్పి అక్కడి నుంచి టచ్‌డౌన్ల, అంటే బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించిన స్కోర్ల, లెక్కకు దూకే అభిమాని సరిగ్గా ఈ హద్దునే దాటుతున్నాడు.

అసలు భారం అనుమానం మీద ఉంది. డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో కంబైన్ అనే పరీక్షా శిబిరం జరుగుతుంది. అక్కడ 40 గజాల పరుగును క్షణంలో వందో వంతు దాకా కొలుస్తారు. వేగం ఉంది గనుక గెలుస్తాడు అన్నది అభిమానుల వాదంలో అన్నిటికన్నా సాధారణమైన అనుమానం. ఇందులో వేగం హేతువు, అంటే చూపే కారణం; గెలుపు సాధ్యం, అంటే రుజువు చేయవలసినది. ఈ వాదం నిలవాలంటే రెండింటి మధ్య వ్యాప్తి ఉండాలి, అంటే హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం ఉండాలి. పొగ ఉంది గనుక నిప్పు ఉందనడం చెల్లుతుంది. నిప్పు ఉంది గనుక పొగ ఉందనడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కావాలి. సాధ్యం ఉన్నచోటల్లా ఉండి, హేతువు ఉన్న ప్రతిచోటా ఉండని ఇలాంటి షరతును ఉపాధి అంటారు. ఉపాధి బయటపడితే అనుమానం కూలిపోతుంది.

2017లో జాన్ రాస్ 40 గజాలను 4.22 సెకండ్లలో పరుగెత్తి కంబైన్ రికార్డు సృష్టించాడు. సిన్సినాటి బెంగాల్స్ 9వ వంతులో అతన్ని తీసుకుంది. గాయాలు అతన్ని వెన్నాడాయి, అనుకున్న ఆట ఎప్పుడూ రాలేదు. 2003లో ఆంక్వాన్ బోల్డిన్ అదే దూరానికి 4.71 సెకండ్లు తీసుకున్నాడు. రిసీవర్‌కు అది నెమ్మదే. రెండో రౌండ్‌లో 54వ వాడిగా అరిజోనా తీసుకున్న అతను తన మొదటి మ్యాచ్‌లోనే 217 గజాలు, ఆ సీజన్‌లో 101 క్యాచ్‌లతో 1,377 గజాలు సాధించాడు. ఆ మొదటి మ్యాచ్‌లో ఎదుటి జట్టు డెట్రాయిట్. ఆ జట్టులో అదే రోజు తొలి మ్యాచ్ ఆడినవాడు ఆ డ్రాఫ్ట్‌లో రెండో వంతులోనే ఎంపికైన రిసీవర్ చార్ల్స్ రోజర్స్. అతను రెండు టచ్‌డౌన్లు చేశాడు, డెట్రాయిట్ గెలిచింది. ఆ సాయంత్రం డెట్రాయిట్ అభిమాని విచారించడానికి ఏమీ లేదు. తరువాత రోజర్స్ కాలర్‌బోన్ రెండు సీజన్లలో రెండుసార్లు విరిగింది, అతని ఆట మూడేళ్లలో ముగిసింది.

రేగర్, జెఫర్సన్‌ల విషయంలో ఉపాధి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రేగర్ 2018లో 1,061 గజాలు సంపాదించి, 2019లో 611కి పడిపోయాడు. ఆ ఏడు అతని జట్టులో బంతి విసిరినవాడు కళాశాలలో అడుగుపెట్టిన మొదటి ఏడాది కుర్రాడు. కాబట్టి తగ్గింది రేగర్ కాదు, అతనికి అందిన బంతులే అని ఈగిల్స్ వైపు వాదించవచ్చు. జెఫర్సన్ 2019లో 111 క్యాచ్‌లతో 1,540 గజాలు సాధించాడు. అతనికి బంతి విసిరింది జో బరో, మరుసటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు. పక్కన ఆడింది జమార్ చేజ్, ఆ తరువాతి ఏడు అయిదో వంతులో వెళ్లినవాడు. జట్టు జాతీయ చాంపియన్. పైగా జెఫర్సన్ ఆ సీజన్‌లో ఎక్కువగా లోపలి స్థానమైన స్లాట్‌లో ఆడాడు, బయటి అంచున ఎలా ఆడతాడో తెలియదన్న సందేహం అప్పట్లో ఉండేది. తడి కట్టె జెఫర్సన్ దగ్గర ఉంది, రేగర్ దగ్గర లేదు అని ఆలోచించినవాడు తర్కం తప్పలేదు. లోకం అతని తర్కాన్ని లెక్కచేయలేదు, అంతే. ఇందులో ఇంకో వింత కూడా ఉంది. వేగం కోసం ఎంపికైన రేగర్ కంబైన్‌లో 4.47 సెకండ్లు తీసుకుంటే, జెఫర్సన్ 4.43కే ముగించాడు.

అనుమానాన్ని ప్రమాణంగానే ఒప్పుకోని చార్వాకుల మాట ఇక్కడ గుర్తుకు రావాలి. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా ఉపాధి లేదని ఎవరు చూసి వచ్చారని వాళ్లు అడిగారు. వాళ్ల సందేహానికి డ్రాఫ్ట్ లెక్కలూ తోడవుతాయి. పరిశోధకుడు కేడ్ మాసీ, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్‌ల లెక్కలు తీసి చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఒకే స్థానానికి వరుసగా ఎంపికైన ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు తరువాతివాడి కన్నా మెరుగ్గా నిలిచే అవకాశం దాదాపు 52 శాతమని అందులో తేలింది. ఏడాది పొడవునా వీడియోలు చూసే స్కౌట్‌లు, వైద్యులు, కొలతలు అన్నీ కలిసి నాణెం ఎగరేయడం కన్నా కాస్త మెరుగు. కొత్త రిసీవర్ మొదటి ఏడు సాధించిన గజాల రికార్డు చేతులు మారిన తీరూ ఇదే చెబుతుంది. ఆధునిక కాలంలో అది 54వ వంతు బోల్డిన్ నుంచి 22వ వంతు జెఫర్సన్‌కు, అతని నుంచి 2021లో అయిదో వంతు చేజ్‌కు, 2023లో అయిదో రౌండ్‌లో 177వ వాడిగా ఎంపికైన పుకా నకువాకు వెళ్లింది.

అంటే జట్టుకే సరైన జ్ఞానం లేనప్పుడు అభిమాని తీర్పును జ్ఞానం అనడం కుదరదు. ఇక మిగిలింది నమ్మకం. నమ్మే హక్కు ఎవరికి ఎంతవరకు ఉందన్న వాదం 19వ శతాబ్దపు ఆంగ్ల, అమెరికన్ తత్త్వశాస్త్రంలో గట్టిగా నడిచింది. గణితవేత్త డబ్ల్యూ.కె. క్లిఫర్డ్ 1877లో చాలని ఆధారంతో నమ్మడం ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా తప్పేనని వాదించాడు. ఆయన ఉదాహరణలోని ఓడ యజమాని పాత ఓడ క్షేమంగా చేరుతుందని తనను తాను నమ్మించుకుని ప్రయాణికులను పంపుతాడు. ఓడ మునిగితే అతను దోషి. మునగకుండా చేరినా అంతే దోషి. క్లిఫర్డ్ వాదంలో పదునైన మాట ఇదే. విలియం జేమ్స్ 1896లో దీనికి జవాబు చెప్పాడు. ఆధారం తేలేదాకా ఆగడానికి వీల్లేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అలాంటిచోట, నమ్మకమే ఫలితాన్ని పుట్టించడంలో పాలుపంచుకునే చోట, ముందుగా నమ్మే హక్కు మనిషికి ఉందన్నాడు.

అభిమాని ఈ ఇద్దరిలో ఎవరి వైపు? బయటకు జేమ్స్ వైపే అనిపిస్తుంది. కానీ జేమ్స్ చెప్పిన షరతు అతనికి సగమే వర్తిస్తుంది. కోచ్ నమ్మకం ఆటగాడిని తయారుచేస్తుంది, ఎందుకంటే కోచ్ అతనికి బంతులు, అవకాశాలు, సమయం ఇస్తాడు. ఇంట్లో కూర్చున్న అభిమాని నమ్మకం ఏ బంతినీ మలచదు. అయితే 60, 70 వేల మంది ఒక్కసారిగా చేసే గేలి మాత్రం ఒక 21 ఏళ్ల కుర్రాడి మీద పనిచేయదని ఎవరూ అనలేరు. నమ్మకంగా పనికిరానిది అపనమ్మకంగా పనిచేయగలదు. జేమ్స్ ఈ రెండో వైపును అంతగా పట్టించుకోలేదు. గీత బోధ దృష్టితో చూస్తే అభిమాని స్థితి ఇంకా విచిత్రం. కర్మ చేయి, ఫలం మీద ఆశ పెట్టుకోకు అన్నది అక్కడి బోధ. అభిమాని కర్మ ఏమీ చేయడు. అతనికున్నదల్లా ఫలం మీద ఆశే.

ఫలితం వెనక్కి వచ్చి నిర్ణయాన్ని తీర్చగలదా అన్న ప్రశ్నను ఇద్దరు తాత్త్వికులు 1976లో ఒకే వేదిక మీద నైతిక అదృష్టం అన్న పేరుతో చర్చకు పెట్టారు. థామస్ నేగెల్ ఉదాహరణల్లో అజాగ్రత్తగా బండి నడిపే ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఒకడి దారికి పిల్లవాడు అడ్డం వస్తాడు, ఇంకొకడికి రాడు. అజాగ్రత్త ఒకటే అయినా లోకం వేసే నింద ఒకటి కాదు. బెర్నార్డ్ విలియమ్స్ ఇంకో అడుగు వేశాడు. చిత్రకారుడు గోగాన్ వంటి ఒకడు కుటుంబాన్ని వదిలి దూర ద్వీపానికి వెళ్లిన నిర్ణయం సమర్థనీయమా కాదా అన్నది అతను గొప్ప చిత్రాలు గీసిన తరువాతే తెలుస్తుంది, నిర్ణయం తీసుకున్న రోజున తెలిసే వీలే లేదు అన్నాడు. డ్రాఫ్ట్ దాదాపు ఇదే పని చేస్తుంది, ఒక ముఖ్యమైన తేడాతో. గోగాన్ నిర్ణయించాడు, గోగానే చిత్రాలు గీశాడు. డ్రాఫ్ట్‌లో నిర్ణయించేది జట్టు మేనేజర్, గీయవలసింది ఆటగాడు.

అభిమానుల తూకంలో అసలు అన్యాయం ఇక్కడ జరుగుతుంది. రేగర్‌కు ఫిలడెల్ఫియాలో అంటుకున్న నింద అతను చేసిన దాని కన్నా అతను ఎవరు కాడో దాని మీద ఎక్కువగా నిలబడింది. రెండో రౌండ్‌లో ఎంపికై అవే 396 గజాలు సంపాదించి ఉంటే అతను మామూలు నిరాశగా మిగిలేవాడు. జెఫర్సన్‌కు ఒక్క వంతు ముందు నిలబెట్టడంతో అతని ప్రతి క్యాచ్ పక్కనా ఇంకొకడి క్యాచ్ కనిపించింది. తర్కసంగ్రహం అభావాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించి నాలుగు రకాలుగా విభజిస్తుంది. వాటిలో అన్యోన్యాభావం అంటే ఒకటి మరొకటి కాకపోవడం. కుండ బట్ట కాకపోవడం. అది కుండలోని లోపం కాదు. జెఫర్సన్ కాకపోవడం లోకంలో జెఫర్సన్ తప్ప అందరిలోనూ ఉన్న గుణం. దాన్ని రేగర్ ఒక్కడి దోషంగా మార్చింది 21వ వంతు. ఆ వంతును అతను అడగలేదు, ఆ జట్టును అతను ఎంచుకోలేదు.

ఎంపిక చేసినవారి మీది కోపం ఎంపికైనవాడి మీదికి జారడం ఆ నగరానికి కొత్తేమీ కాదు. 1999లో న్యూయార్క్‌లో జరిగిన డ్రాఫ్ట్‌కు ఫిలడెల్ఫియా అభిమానులు కొందరు పనిగట్టుకుని వెళ్లారు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్ కావాలన్నది వాళ్ల పట్టు. రెండో వంతులో ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ డానొవన్ మక్‌నాబ్ పేరు పిలిస్తే, వేదిక మీదికి నడిచి వస్తున్న ఆ కుర్రాడిని వాళ్లు గేలి చేశారు. మక్‌నాబ్ జట్టును అయిదుసార్లు సెమీఫైనల్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, ఒకసారి లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. 2013లో ఈగిల్స్ అతని 5వ నంబరు జెర్సీని గౌరవంగా విరమింపజేసింది. గేలి చేసినవారి అంచనా తప్పిందన్నది ఇందులో చిన్న సంగతి. అంచనా ఒప్పయి ఉన్నా ఆ గేలి తప్పే అయ్యేది, క్లిఫర్డ్ ఓడ క్షేమంగా చేరినా యజమాని దోషి అయినట్టు.

డ్రాఫ్ట్‌కు మతంలో దగ్గరి బంధువు ఉంది, క్రైస్తవంలోని దైవ ఎంపిక సిద్ధాంతం. కవలలైన ఏశావు, యాకోబు ఇంకా పుట్టకముందే, మంచిచెడులు ఏవీ చేయకముందే ఒకరు ఎంపికయ్యారని పౌలు రోమీయులకు రాసిన పత్రికలో చెబుతాడు. అగస్టీన్ ఆ బీజాన్ని పెంచాడు, 16వ శతాబ్దంలో జెనీవాలో జాన్ కాల్విన్ దాన్ని కఠినమైన సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఎంపికకు కారణం మనిషి అర్హతలో వెతకకూడదు, అది దేవుని చిత్తం. అయినా మనుషులు ఊరుకోలేదు. తాము ఎంపికైనవారమో కాదో తెలుసుకోవడానికి తమ జీవితంలో, వృత్తిలో, సంపాదనలో గుర్తులు వెతికారని 20వ శతాబ్దం మొదట్లో మాక్స్ వెబర్ రాశాడు. వేసవి శిక్షణ శిబిరాల్లో కొత్త రిసీవర్ పట్టిన ఒక్కొక్క బంతినీ, జారవిడిచిన ఒక్కొక్క బంతినీ అభిమానులు చదివే తీరు సరిగ్గా ఈ గుర్తుల వెతుకులాటే. తేడా ఏమిటంటే కాల్విన్ దేవుడు తన ఎంపికకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. మేనేజర్ చెప్పాలి, చెప్పలేకపోతే ఉద్యోగం పోతుంది. మేనేజర్‌ను అడగవలసిన సంజాయిషీని ఆటగాడిని అడగడం దైవశాస్త్రంలోనూ కుదరదు, ఆటలోనూ కుదరదు.

తీర్పుకు సరైన సమయం ఎప్పుడన్నది ఇంకొక చిక్కు. రిసీవర్‌కు మూడేళ్లు ఇవ్వాలన్నది ఆటలో పాత మాట. గ్రీన్ బే ప్యాకర్స్ 2014లో 53వ వంతులో తీసుకున్న డవాంటే ఆడమ్స్ రెండో సీజన్‌లో 483 గజాలు, ఒకే ఒక్క టచ్‌డౌన్‌తో మిగిలాడు. చీలమండ గాయం ఒక కారణం. జారవిడిచిన బంతులు అభిమానుల సహనాన్ని చంపేశాయి, వదిలించుకోమన్నవారు తక్కువేం లేరు. మూడో సీజన్‌లో అతనికి 12 టచ్‌డౌన్లు వచ్చాయి, 2020లో 18. లీగ్‌లో మేటి రిసీవర్ల పేర్లు చెప్పేటప్పుడు చాలాకాలం అతని పేరు మొదటి వరసలో ఉంది.

అభావాల పట్టికలో మిగతావాటిలో రెండు ఇక్కడ పనికొస్తాయి. కుండ చేయకముందు మట్టిలో కుండ లేకపోవడం ప్రాగభావం. కుండ పుట్టగానే అది పోతుంది. గాలిలో రూపం లేకపోవడం అత్యంతాభావం. అది ఎప్పటికీ పోదు. రెండో సీజన్ చివర ఆడమ్స్‌ను చూసినవారికి కనిపించింది లేమి ఒక్కటే. అది ఇంకా రానిదో, ఎన్నటికీ రానిదో లేమిని ఎంత తేరిపార చూసినా తెలియదు. నైయాయికులకూ ప్రాగభావం కార్యం పుట్టబోతుందన్న లెక్క మీదే నిలుస్తుంది. ఓర్పులేని అభిమాని ప్రతి ప్రాగభావాన్నీ అత్యంతాభావం అంటాడు. మురిపెం ఎక్కువైన అభిమాని ప్రతి అత్యంతాభావాన్నీ ప్రాగభావం అంటాడు. జట్టు మాత్రం తేల్చుకోవలసిందే, గడువు ఉంది గనుక. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం తెచ్చిన నియమం ప్రకారం మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడి మూడో సీజన్ ముగిశాక అతని అయిదో ఏడాది ఒప్పందం ఉంచాలో వద్దో జట్టు నిర్ణయించాలి. రేగర్ విషయంలో వైకింగ్స్ వద్దనుకుంది. 2023 చివరి రోజున న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తరఫున ఆడుతూ అతను బఫలో మీద మొదటి కిక్‌ను అందుకుని 98 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. దాన్ని ఏ పద్దులో రాయాలో ఫిలడెల్ఫియా తూకంలో చోటు లేదు.

ఇక ఫలితాలన్నీ తేలాకైనా లెక్క మూసుకుంటుందా అంటే, 2020 ఉదాహరణే అందుకు అడ్డం వస్తుంది. ఆ సీజన్‌లో ఈగిల్స్ నాలుగు మ్యాచ్‌లే గెలిచింది, కోచ్ ఉద్యోగం పోయింది. అట్టడుగుకు పడినందువల్ల 2021 డ్రాఫ్ట్‌లో ముందు వంతు దక్కింది; చివరకు పదో వంతులో డెవాంటా స్మిత్ అనే రిసీవర్‌ను తీసుకుంది. 2022లో టెనెసీ నుంచి ఏ.జె. బ్రౌన్‌ను తెచ్చుకుంది. 2025 ఫిబ్రవరిలో ఈ ఇద్దరితో ఈగిల్స్ కాన్సస్ సిటీని 40–22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. 21వ వంతులో జెఫర్సన్‌ను తీసుకుని ఉంటే ఆ పరాజయాల సీజన్, ఆ పదో వంతు, ఆ బ్రౌన్ బేరం ఇదే వరసలో వచ్చేవని ఎవరూ చెప్పలేరు. జెఫర్సన్‌ను దక్కించుకున్న వైకింగ్స్ ఇంతవరకు సూపర్ బౌల్ గెలవలేదు. నాలుగుసార్లు ఆడి నాలుగుసార్లూ ఓడింది, ఆ నాలుగూ 1977 నాటికే ముగిశాయి. అయినా రేగర్ ఎంపిక తప్పేనని వాదించవచ్చు. అందుకు 2020 ఏప్రిల్‌లో చేతిలో ఉన్న కారణాలనే చూపించాలి: కళాశాలలో చివరి ఏడాది లెక్కలు, ఆ స్లాట్ సందేహానికి ఇచ్చిన బరువు, వేగం మీది మోజు. ఆ వాదంలో ముద్దాయి మేనేజర్. రేగర్ అందులో సాక్షి కూడా కాడు.